అత్త వాటా తీపి, బాబాయి కాలివేలు

కోనసీమ వెళ్ళేవాళ్ళలో కొందరు కొబ్బరితోటలు చూడ్డానికి వెళతారు, కొందరు పులస చేప తినడానికి వెళతారు. నేను మాత్రం నా మీద పడ్డ నేరాన్ని అక్కడ ఎవరి మీదైనా తోసెయ్యొచ్చేమో చూడ్డానికి వెళ్ళాను.

నేరం పేరు షుగరు. ఈ వేసవిలో బయటపడింది. అనంతపురంలో నన్ను చూసిన డాక్టరు ముందు నా చేతులు చూశాడు, తర్వాత కాళ్ళు చూశాడు, చివరికి చొక్కా ఎత్తమని పొట్ట చూశాడు. కాళ్ళూ చేతులూ వెదురు కర్రలు. మధ్యలో మాత్రం చొక్కా గుండీలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాయి. "మీ వాళ్ళలో ఎవరికైనా ఉందా?" అన్నాడు. తెలీదన్నాను. మా నాన్నది రాజోలు పక్కన పల్లె. ఉద్యోగానికని అనంతపురం వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, నేను బడికెళ్ళే రోజుల్లోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయనకి షుగరొచ్చే తీరిక కూడా దొరకలేదు.

డాక్టరు అడిగిన ప్రశ్న మాత్రం నాకు తెగ నచ్చింది. వంశంలోనే ఉందని తేలితే ఇక నా తప్పేముంది? నేను డీటీపీ సెంటర్ నడుపుతాను. ఊళ్ళో సగం శుభలేఖలు నా చేతిమీదే వెళతాయి. పెళ్ళి వాళ్ళది, అచ్చుతప్పు నాది, ఆ సందర్భంగా తెచ్చిన మిఠాయి కూడా నాదే. పొద్దున్న కుర్చీలో కూర్చుంటే రాత్రికి లేస్తాను. ఇవన్నీ మా ఆవిడ లలిత వేళ్ళు మడిచి చెబుతుంటే వినలేక, "ముందు మా అత్తనీ బాబాయినీ అడిగొస్తాను. వంశం సంగతి తేలాలి" అన్నాను.

"వెళ్ళండి. కుర్చీని కూడా తీసుకెళ్ళి చూపించండి, వాళ్ళ వంశమేమో" అంది.

ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి నాకు పనుండదు. వేలు పొడిచి చూసుకునే మిషను సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

నర్సాపురం రేవు

రైలు దిగి రేవుకొచ్చేసరికి గోదావరి ఎర్రగా ఉంది. ఎర్రనీరు తగిలిందండి, ఇక పులస పడుతుంది అని రేవులో అందరూ పండగ కబురు చెప్పినట్టు చెబుతున్నారు. అవతల ఒడ్డు సఖినేటిపల్లి. పంటు మీద, అంటే పడవల మీద బల్లలు పరిచిన దాని మీద, దాటాలి. మనుషులు, మోటారు సైకిళ్ళు, కొబ్బరి పీచు ఎక్కిన ఒక ఆటో, అన్నీ ఆ బల్లల మీదే.

మా అనంతపురంలో కొత్తమనిషి కనిపిస్తే "యాడికి పోతాండావు?" అని అడుగుతారు. ఇక్కడ "భోంచేసేరా అండి?" అని అడుగుతారు. టిక్కెట్టిచ్చే అతను అడిగాడు, ఆటో అతను అడిగాడు, పక్కన నిలబడ్డ పెద్దమనిషి కూడా అడిగాడు. పూట కాని పూట ఇన్నిసార్లు నా కడుపు గురించి ఇంతమంది కంగారుపడటం నేను పుట్టాక ఇదే.

ఆ పెద్దమనిషి కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడట. అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. నల్లటి బ్యాగు మీద చెయ్యి వేసుకుని, ఇంకో చేత్తో బెల్టు సర్దుకుంటున్నాడు.

"వెళ్ళేటప్పుడు ఈ బెల్టుకి లోపలి వైపు కన్నాలు పొడిపించుకున్నానండి. నడుం నిలిచేది కాదు" అన్నాడు. "ఇప్పుడు బయటి వైపు చోటు లేదు."

"అక్కడ తిండి ఎక్కువా?"

"తిండి కాదండి, కూచోడం ఎక్కువ. ఇక్కడున్నప్పుడు మూడు పూటలా అన్నం తిని బస్తాలు మోసేవాణ్ణి. అక్కడ కారులోంచి దిగితే ఎండ, ఎక్కితే ఏసీ. ఆ ఏసీలోనే ఇలాగైపోయేనండి. మా వాళ్ళందరూ గల్ఫు సొగసు అంటారు."

షుగరుందా అని అడగబోయి మానుకున్నాను. అప్పుడే పరిచయమైన మనిషిని మా వైపు కూడా అలా అడగరు.

సఖినేటిపల్లి ఒడ్డున దిగుతుంటే బురదలో నా చెప్పు ఇరుక్కుంది. లాగితే పట్టీ తెగి చేతికొచ్చింది. షుగరున్నవాళ్ళు ఒట్టికాళ్ళతో నడవకూడదని మా డాక్టరు మరీ మరీ చెప్పాడు. రోజూ అరికాళ్ళు చూసుకోమన్నాడు, దెబ్బ తగిలి నొప్పి తెలియకపోతే పరిగెత్తుకు రమ్మన్నాడు. అందుకని ఒక కాలు మీద కొంగలా నిలబడ్డాను. రేవులో జనం ఇదేదో మొక్కు అనుకున్నట్టున్నారు, దారిచ్చారు.

ఎదురుగా మోపెడ్ మీద మా బాబాయి. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఊరందరికీ బుల్లబ్బాయిగారే. అరవై దాటాయి. పేరుకి తగ్గట్టే బక్కగా, ఎండిన మట్టలా ఉంటాడు. ఆయన నా అవస్థ చూసి పడీపడీ నవ్వాడు.

"చెప్పులెందుకయ్యా ఈ నేలకి? నేను చూడు, చెప్పులు వేసుకుని ఎన్నాళ్ళయిందో!"

చూశాను. చెప్పుల్లేవు. కుడికాలి బొటనవేలికి మాత్రం పాత పంచె పీలిక చుట్టి ఉంది.

మర్యాద

మా అత్త సత్యవతి నాన్నకీ బాబాయికీ పెద్దక్క. మనిషి గుమ్మంలోంచి వస్తే గుమ్మం కనిపించదు. నవ్వితే ముందు బుగ్గలు నవ్వుతాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత మిగతాదంతా. నన్ను దగ్గరికి తీసుకుంటే ఊపిరాడలేదు, కానీ నాన్న వాసనేదో తగిలినట్టై కళ్ళు తడిశాయి.

ఆవిడ కొడుకు రాంబాబు కువైట్‌లో ఉంటాడు. కోడలు దుర్గ, అత్తా ఈ ఇంట్లో. భార్య పోయినప్పటి నుంచీ బాబాయి ఎదురింట్లో ఉంటూ భోజనానికి ఇక్కడికే వస్తాడు. ఎదురిల్లంటే నిజంగానే ఎదురిల్లు. ఆ వీధి దాటడానికి కూడా మోపెడ్ తీస్తాడు. ఒకప్పుడు సైకిలు మీద తోటలన్నీ తిరిగేవాడట. ఇప్పుడు కొబ్బరికాయల వ్యాపారం, కుర్చీలోంచే ఫోన్లో.

భోజనాలకి అరిటాకు వేశారు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, వాటి పక్కన పులస. గుమ్మడికాయ పులుసులో బెల్లం తగిలింది. మా వైపు పులుసులో బెల్లం పడితే వండినవాళ్ళకి ఒంట్లో బాగాలేదనుకుంటాం. పులస ఎంతకి కొన్నావని బాబాయిని అడిగాను. "పులసకి ధర అడక్కూడదయ్యా, ముల్లు గుచ్చుకుంటుంది" అన్నాడు. తర్వాత దుర్గ చెబితే తెలిసింది, ఆ డబ్బుతో మా ఊళ్ళో గొర్రెపోతు వస్తుంది.

మా వైపు "చాలా?" అని అడుగుతారు, చాలంటే ఆపుతారు. ఇక్కడ చాలంటే రెండోసారి వడ్డిస్తారు. రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు.

చివర్లో దుర్గ పళ్ళెంలో కాజాలు తెచ్చింది. నాకు ఒకటి వేయబోతే సంగతి చెప్పాను. "అయ్యో, తమరికా అన్నయ్యగారూ? సన్నగానే ఉన్నారు కదండీ!" అని తెల్లబోయింది. బాబాయి ఆకులో ఒకటి వేసింది. అత్త ముందు ఆగలేదు. మళ్ళీ బాబాయి దగ్గరికొచ్చి ఇంకోటి వేసింది.

"అదేంటి, రెండా?"

"రెండోది అత్తయ్యగారి వాటా అండి. ఆవిడకి తీపి పెట్టమండి, షుగరు కదా."

"అత్తకి షుగరుందా?"

"ఇంకా రాలేదండి. వస్తుంది కదండీ, ఆ ఒళ్ళు చూడండి!"

ఈ ఏర్పాటు కువైట్‌లో తయారైందట. పదేళ్ళ క్రితం రాంబాబు వీడియోలో తల్లిని చూసి, అమ్మ ఒళ్ళు చేసేసింది, ఇక తీపి ముట్టనివ్వొద్దని పెళ్ళాం చేత ఒట్టు వేయించుకున్నాడు. "ఫోను అడ్డంగా పెట్టి చూసేడేమోరా వెధవ" అంది అత్త. ఇంటికొచ్చిన తీపిని పారేయకూడదు. ఎదురింటి బక్కప్రాణికి నాలుగు తిండిగింజలు పడితే పుణ్యం. కాబట్టి ఆవిడ వాటా బాబాయికి. అప్పటి నుంచీ అదే పద్ధతి.

"నీకు బాధగా లేదా అత్తా?"

"వాడు తింటుంటే నేను తిన్నట్టే అనుకుంటాన్రా" అంది, బాబాయి నమలడం కళ్ళార్పకుండా చూస్తూ.

వంశంలో ఎవరికైనా ఉందా అని ఆ పూటే అడిగాను. తాతకి లేదు, నాయనమ్మకి లేదు, ఎవ్వరికీ లేదన్నారు. ఎవరైనా పరీక్ష చేయించుకున్నారా అంటే, ఒళ్ళు లేనివాళ్ళకి పరీక్షేమిటన్నారు. నా కేసు అక్కడే ఆగిపోయింది.

సారె డబ్బాలు

మర్నాడు పొద్దున వీధరుగు మీద కూర్చుని మిషను తీసి వేలు పొడుచుకుంటుంటే అటుపోయే వాళ్ళందరూ ఆగారు. రక్తం బొట్టు, దాని మీద అంకె. గారడీ చూసినంత ఇదిగా చూశారు. దుర్గకి ఉత్సాహం వచ్చింది.

"అత్తయ్యగారికి చూడండి అన్నయ్యగారూ. మా ఆయనకి ఫోన్ చేసి చెబుతాను" అంది. తన పదేళ్ళ కాపలాకి సాక్ష్యం దొరుకుతుందని ఆవిడ ఆశ.

కొత్త సూది వేసి అత్త వేలు పొడిచాను. అంకె శుభ్రంగా ఉంది. నాది చూస్తే నాకే సిగ్గేసింది.

"మిషను పాడైనట్టుందండి" అంది దుర్గ. ఇంకో వేలు పొడిచాను. మళ్ళీ అదే. అత్త తన వేలిని తనే పైకెత్తి, వీధిలో వాళ్ళందరికీ చూపించింది. ఎన్నికల్లో ఓటేసొచ్చినట్టు.

అప్పుడే సందు చివర నుంచి సారె వచ్చింది. ఆ వీధిలో ఒకమ్మాయికి కొత్తగా పెళ్ళయింది. వియ్యాలవారు ఆషాఢం సారె పంపారు. ఇక్కడ సారె అంటే ఇంట్లో పెట్టుకుని తినేది కాదు, ఊరందరికీ పంచేది. డబ్బాలు డబ్బాలుగా లడ్డూలు, మైసూర్‌పాక్, సున్నుండలు. ఇంటింటికీ తలకి ఇన్నని లెక్కవేసి పళ్ళేల్లో తెచ్చి ఇస్తారు. ఆషాఢంలోనూ శ్రావణంలోనూ ఊళ్ళో ఎన్ని కొత్త పెళ్ళిళ్ళయితే అన్ని సార్లు. ఇందులో అత్త వాటా ఏమైందో చెప్పక్కర్లేదు. మిషను ఏం చెప్పినా దుర్గ చెయ్యి అలవాటు ప్రకారం ఎదురింటి పళ్ళెం మీదికే వెళ్ళింది.

వేలు

పళ్ళెం నేను తీసుకెళతానన్నాను. బాబాయి నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. పీలిక విప్పి పక్కన పెట్టాడు. బొటనవేలి కింద పుండు. అంచులు తెల్లగా, మధ్యలో నల్లగా. దగ్గరికెళితే వాసన వస్తోంది.

"ఇదేంటి బాబాయ్?"

"కొబ్బరికాయలు ఒలిచే గునపం దగ్గర గీసుకుందయ్యా. ఉగాది అప్పుడనుకుంటా."

"ఉగాదిది ఇంకా మానలేదా?"

"మానుద్దిలే. అసలు నొప్పే లేదు!" అన్నాడు గర్వంగా. నమ్మలేదనుకున్నాడేమో, ఆ వేలిని రాతికేసి ఒకసారి కొట్టి చూపించాడు.

నొప్పి తెలియకపోతే పరిగెత్తుకు రమ్మని మా డాక్టరు అన్న మాట చెవిలో మోగింది. ఇంతవరకూ నా పొట్ట గురించి, నా నేరం గురించి నాటకాలాడుతూ వచ్చినవాణ్ణి ఒక్కసారిగా భయపడ్డాను. మా నాన్న పోలిక మిగిలిన మనిషి ఈయనొక్కడే. పంచె కట్టులో ఆయన పొట్ట మొదటిసారి పరకాయించి చూశాను. ఒళ్ళంతా ఎండుపుల్ల, బొడ్డు దగ్గర మాత్రం చిన్న బొండం. అచ్చం నాదే.

"బాబాయ్, నీకు కూడా ఒకసారి చూద్దాం, వేలివ్వు."

"నాకెందుకయ్యా? ఒంట్లో చారెడు కండ లేదు. షుగరొచ్చినా ఎక్కడ దాక్కుంటుంది?" అని లడ్డూ నోట్లో వేసుకుని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. నేను మిషనుతో వెనక పరిగెత్తాను. తెగిన చెప్పుకి ముందురోజు కొట్టించిన మేకు మళ్ళీ ఊడింది.

ఆకు ముందు

బాబాయిని ఒప్పించడానికి దుర్గ చెప్పింది, అత్త తిట్టింది. ఆయన అందరికీ "ఆయ్, అలాగేనండి" అన్నాడు. కోనసీమలో కాదనడం మర్యాద కాదు. ఔనని చెయ్యకపోవడంలో మాత్రం ఏ దోషమూ లేదు.

అప్పుడు నాకు తోచింది. మర్యాదే వీళ్ళ బలమైతే దాన్నే పట్టుకోవాలి. మధ్యాహ్నం ఆకులు వేశారు. అన్నీ వడ్డించారు. పప్పు మీద నెయ్యి పోశారు. నేను చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"కలపండి అన్నయ్యగారూ" అంది దుర్గ.

"బాబాయి వేలిస్తే కలుపుతాను."

నవ్వారు. నేను కదల్లేదు. నెయ్యి పేరుకుంది. అత్త నవ్వు ఆపేసింది. ఇంటికొచ్చిన మనిషి ఆకు ముందు కూర్చుని ముద్ద ముట్టకపోవడమంటే ఆ ఊళ్ళో ఏమిటో నాకు అప్పటికి పూర్తిగా తెలీదు. పక్కింటావిడ దడి మీంచి తొంగిచూసి "ఏవైందండీ, ఉప్పెక్కువైందా?" అని కంగారుగా అడిగింది. దుర్గ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాబాయి నా ఆకు వంకా నా మొహం వంకా చూశాడు. నాకూ ఆకలి దంచేస్తోంది, షుగరు మాత్ర వేసుకుని ఉన్నాను. ఇంకాసేపు ఆగితే నేనే పడిపోయేవాణ్ణి.

"అన్నయ్య కొడుకు మన ఇంట్లో పస్తుంటే ఊళ్ళో తల ఎత్తుకోగలమా! పొడువయ్యా, పొడిచి చావు" అని చెయ్యి జాపాడు.

అంకె నాలుగు వందలు దాటింది.

మిషను పాడైనట్టుందని ఈసారి దుర్గ అనలేదు. అత్త మెల్లిగా, "వాడు తినేది నా వాటానేగా?" అంది. చల్లారిన అన్నం కలిపి తినేశాను.

అమలాపురం

మర్నాడే కారు మాట్లాడుకుని అమలాపురం వెళ్ళాం. అత్త రావద్దంటే విన్లేదు. ముందు సీటంతా ఆవిడే కూర్చుంది.

డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. గోడ మీద శిలువ, టేబుల్ మీద క్యారియర్, మాటలో గడుసుతనం. బాబాయి వేలి దగ్గర ఏదో సన్నటి తీగ ఆనించి "తెలుస్తుందా అండి?" అని అడిగింది. ఆయన గోడ వంక చూస్తూ "ఎప్పుడు పెడతారండి?" అన్నాడు. అప్పటికి ఆవిడ అయిదు చోట్ల పెట్టేసింది.

"నొప్పి లేదండి నాకు" అన్నాడు బాబాయి, మంచి మార్కులు వచ్చినట్టు.

"అదేనండి నా భయం" అంది ఆవిడ. "ఎముక దాకా వెళ్ళలేదనుకుంటున్నాను. ఎక్స్‌రే ఫోటో తీయించి చూద్దాం. ఇవాళ్టి నుంచి ఇన్సులిన్, రోజూ కట్టు. నేల మీద ఒట్టికాలు పెట్టకూడదు. వేలు నిలుస్తుందని మాటివ్వను. ఇంకో నెల ఆగి వచ్చుంటే వేలు గురించి కాదు, కాలు గురించి మాట్లాడేవాళ్ళం."

ఎదురింటికి కూడా నడవని మనిషికి కాలు పోతుందన్న మాట అప్పుడు తగిలింది. బాబాయి కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"అది కాదండి డాక్టరుగారూ," అన్నాడు చివరికి. "ఒళ్ళు చూస్తే మా అక్కది. రోగం నాకెలా వచ్చిందండి? ఇద్దరం ఒక తల్లి పిల్లలవే!"

"ఒక తల్లి పిల్లలైనా పంపకాలు సమానంగా జరగవండి" అంది ఆవిడ. "ఒంట్లో కొవ్వు దాచుకోడానికి ఒక గాదె ఉంటుందనుకోండి. చర్మం కింద, తుంటి దగ్గర, తొడల్లో. మీ అక్కగారికి పుట్టుకతోనే పెద్ద గాదె వచ్చింది. ఎంత పోసినా అందులోనే పడి ఉంది. మీది చిన్న గాదె. అది నిండిపోయింది. మిగిలిన ధాన్యం ఎక్కడ పోస్తారు? వంటింట్లో పోస్తారు, పడగ్గదిలో పోస్తారు. మీ ఒంట్లో అయితే లివరు మీద, పేగుల చుట్టూ. ఇల్లు నిండితే మనిషి తిరగలేడు కదండీ, అలాగే ఇన్సులిన్ పని చెయ్యలేదు. బయటికి మాత్రం సన్నగానే కనిపిస్తారు."

"వాడు పుట్టినప్పుడు చేటలో సరిపోయేడమ్మా" అంది అత్త. "అమ్మకప్పుడు జబ్బు. తిండి లేదు, పాలు లేవు."

"చూసేరా! కడుపులో తక్కువ తిని పుట్టినవాళ్ళకి చాలాసార్లు ఇలాగే ఉంటుందండి."

అత్త ఆలోచించి, "అయితే మా అమ్మ ఆస్తిలో పెద్ద వాటా నాకే వచ్చిందన్నమాట" అంది. డాక్టరమ్మ నవ్వి, అత్తకి కూడా బీపీ చూసి మందు రాసింది. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. గాదె పెద్దదైనంత మాత్రాన అడుగులేనిది కాదు, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి అని గట్టిగా చెప్పింది.

నేను ఇదే సమయమని నా కేసు బయటపెట్టాను. బాబాయికి ఉందంటే వంశంలో ఉన్నట్టే కదా, అంటే నా తప్పేమీ లేనట్టే కదా అన్నాను.

ఆవిడ నా పొట్ట చూసింది. "ఆయ్, చిన్న గాదె మీకూ వచ్చిందండి, మీ తాతలదే. మరి అందులో ధాన్యం పోస్తున్నది ఎవరండీ?"

నేను క్యారియర్ వంక చూశాను.

"సిగ్గుపడకండి, నాకూ ఉంది షుగరు" అంది. "మా అమ్మమ్మ వరినాట్లకి వెళ్ళేది. అమ్మ టీచరు. నేను ఈ కుర్చీ. ముగ్గురివీ ఒకటే పోలికలు. అమ్మమ్మకి లేదు, అమ్మకి ముసలితనంలో వచ్చింది, నాకు నలభైకే వచ్చేసింది. రక్తం అదేనండి, కుర్చీ మారింది."

లలిత అన్న కుర్చీ మాట ఈవిడకి ఎవరు చేరవేశారో అని అనుమానం వచ్చింది నాకు.

కొత్తపేట మీదుగా

నన్ను రాజమండ్రిలో రైలెక్కించడానికి అత్తా బాబాయీ ఇద్దరూ కారులోనే వచ్చారు. బాబాయి కాలికి తెల్లటి కట్టు, దాన్ని దిండు మీద పెట్టుకుని రాజుగారిలా వెనక సీట్లో. కొత్తపేట దాటాక అత్త ఉన్నట్టుండి, "ఆత్రేయపురం వైపు పోనివ్వు నాయనా" అంది డ్రైవరుతో.

ఆత్రేయపురంలో ఒకావిడ ఇంటి ముందు పూతరేకులు చేస్తోంది. బోర్లించిన వేడి కుండ మీద పలచటి బియ్యప్పిండి నీళ్ళల్లో ముంచిన గుడ్డ పరిచి తీస్తే, ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. దానికి నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడిచింది. అత్త అరుగు మీద కూర్చుని, ఒక్కటంటే ఒక్కటి అడిగింది. బెల్లం తక్కువగా, నెయ్యి ఎక్కువగా.

పూతరేకు అత్త చేతికొచ్చింది. కారు తలుపు తీసే ఉంది. లోపల బాబాయి చెయ్యి దానంతటదే ముందుకి సాగింది. పదేళ్ళ అలవాటు. సగం దూరం వచ్చి ఆగింది. ఆయన చేతిని చూసుకుని, మెల్లిగా ఒళ్ళోకి తీసుకుని, రెండో చేత్తో పట్టుకున్నాడు.

"చూసి ఓర్చుకో" అంది అత్త. "పదేళ్ళు నా వాటా నీ నోటితో తిన్నాను. ఇవాళ నా నోటితో తింటాను."

కొరికింది. కళ్ళు మూసుకుంది. ఆ మొహంలో వచ్చిన సంతోషం చూసి నాకు నవ్వొచ్చింది. రెండోసారి కొరికి ఆగిపోయింది. కన్నీళ్ళు బుగ్గల మీంచి జారాయి.

"నా వాటా తిని వాడు ఇలాగయ్యేడ్రా" అంది నాతో. "పెట్టొద్దు అని నేనొక్కసారీ అనలేదు. ముద్దుగా చూస్తూ కూచున్నాను."

"ఏడవకక్కా. నాకు తెలిస్తే నేను మాత్రం తినేవాణ్ణా?" అన్నాడు బాబాయి. తర్వాత నిజం చెప్పకుండా ఉండలేక, "తినేవాణ్ణేలే" అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. మిగిలిన రేకు పూర్తిగా తినేదాకా అత్త కారెక్కలేదు.

ఇంటికొచ్చాక

"తేలిందా వంశం సంగతి?" అంది లలిత గుమ్మంలోనే.

"తేలింది. గాదె తాతలది, ధాన్యం నాది."

ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్ళింది. అంత పెద్ద గెలుపుని ఆవిడ అంత చిన్నగా తీసుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇప్పుడు సెంటర్లో నిలబడి పనిచేసే బల్ల పెట్టించుకున్నాను. మిఠాయి డబ్బాలు ఎదుటి టీ కొట్టుకి పోతున్నాయి. ఆ కొట్టతను సన్నగానే ఉంటాడు, అందుకని ముందు అతని వేలు పొడిచి చూశాకే ఇస్తున్నాను.

నిన్న వీడియోలో బాబాయి పలకరించాడు. ముందు మొహం చూపించలేదు, కాలు చూపించాడు. వేలు ఉంది. పుండు మూసుకుని గులాబీరంగు కొత్త చర్మం వచ్చింది. కాలికి చెప్పులున్నాయి. డాక్టరమ్మ ఒప్పుకున్నాక వీధి దాటి నడిచే భోజనానికి వస్తున్నాడని దుర్గ వెనక నుంచి చెప్పింది.

శ్రావణం సారె వచ్చిందట. అత్త ముందు పళ్ళెంలో ఒక మైసూర్‌పాక్ ముక్క, బాబాయి ముందు జామకాయ ముక్కలు. ఫోను ఊగుతుంటే, బాబాయి తన చేత్తో ఆ పళ్ళేన్ని అక్క ముందుకి ఇంకాస్త జరపడం కనిపించింది. "నీ వాటా అక్కా" అన్నాడు.

"మరి బాబాయి వాటా ఎవరు తింటున్నారత్తా? నువ్వేనా?" అన్నాను వేళాకోళంగా.

అత్త నవ్వలేదు.

"నేను ముట్టనురా. వాడి వాటా సారె తెచ్చినవాళ్ళకే తిరిగిచ్చేస్తున్నాం. ఊళ్ళో వాళ్ళు మర్యాద తెలీదంటున్నారు, అననియ్యి. ఒకళ్ళ వాటా ఒకళ్ళకి పెట్టి చూసేం కదా, కాలి దాకా వచ్చింది."